మీ తర్వాత పిల్లికి దిక్కెవరు?

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వంటి ఊళ్లలో పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్లిపోతే, ఒక పిల్లిని తోడు పెట్టుకొని ఒంటరిగా కాలం గడుపుతున్న తెలుగు పెద్దలు కనిపిస్తారు. వారు పోయాక ఆ పిల్లి సంగతేమిటని అడిగితే "వీలునామాలో రాస్తాలే" అంటారు. వీలునామా బయటికి తీసేది మామూలుగా పన్నెండో రోజు దాటాకే. పిల్లి రెండు మూడు రోజులు తిండి ముట్టకపోతేనే కాలేయానికి కొవ్వు పట్టడం మొదలవుతుంది. బొద్దుగా ఉన్నదానికి ముప్పు మరీ ఎక్కువ. అందుకే ముందు ఆ మూడు రోజులకు ఏర్పాటు చేసుకోవాలి.

చావింట్లో తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. ఏడుపులు, కొత్త మనుషులు. పిల్లి కనబడితే తరిమేవారే ఎక్కువ. అది అటకెక్కుతుంది, లేదా గోడ దూకి పోతుంది. శవం లేచాక ఇల్లు కడుగుతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఫినాయిల్ పిల్లికి విషం. తడి గచ్చు మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, అది కడుపులోకి చేరుతుంది. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. పారాసిటమాల్ సంగతీ ఇంతే. నీరసంగా ఉందని జాలిపడి జ్వరం మాత్ర ముక్క వేస్తే ప్రాణమే పోతుంది.

కబురు తెలియగానే పిల్లిని ఒక గదిలో పెట్టి గడియ వేయాలి. నీళ్లు, తిండి, మలమూత్రాలకు ఇసుక తట్ట లోపలే ఉండాలి. తలుపు మీద "లోపల పిల్లి ఉంది, తీయవద్దు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కాగితం అంటించాలి. ఈ పని చేసేవారు అదే వీధిలో ఉండాలి, వారి దగ్గర మారు తాళంచెవి ఉండాలి. విశాఖలో ఉన్న కొడుకు ఎంత మంచివాడైనా ఆ పూట అతనికి వంద పనులు. వీధిలో ఇద్దరిని అనుకోండి, ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు. నోటిమాటతో సరిపెట్టకుండా, బతికుండగానే రెండు రాత్రులు పిల్లిని వాళ్లింట్లో ఉంచి చూడండి.

బెదిరిన పిల్లిని చేత్తో పట్టబోతే రక్కుతుంది. తువ్వాలు పైన కప్పి, ఒంటితో సహా చుట్టి ఎత్తాలి. పిల్లిని మోసుకెళ్లే బుట్ట ఎప్పుడూ ఇంట్లోనే తెరిచి, లోపల పాత లుంగీ పరిచి ఉంచితే పిల్లి దాంట్లోనే పడుకోవడం మరుగుతుంది, ఆ రోజున పెనుగులాట ఉండదు. కొన్న బుట్ట లేకపోతే రెండు కూరగాయల ప్లాస్టిక్ ట్రేలను ఒకదాని మీద ఒకటి బోర్లించి, నాలుగు మూలలా పురికొసతో గట్టిగా కట్టినా సరే.

వంటింటి అలమర తలుపు మీద ఒక పేజీ ఉండాలి: వయసు, బరువు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా లేదా, రేబిస్ టీకా ఆఖరున వేసిన తేదీ, చూసే డాక్టరు. తిండి కొలతతో రాయండి. నాలుగు కిలోల పిల్లికి పొడి తిండి అయితే రోజుకు 50–60 గ్రాములు. చేప పెడుతుంటే ఉప్పు వేయకుండా ఉడికించి, ముల్లు తీసి పెట్టమనండి. మన ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. పాలన్నం మీద పిల్లి బతకదు. మాంసంలో, చేపలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. మీరు ఏమని పిలుస్తారో కూడా రాయండి. "బుజ్జీ, దా" అన్న పిలుపుకు అలవాటుపడ్డ పిల్లి, ఒడియా వారింట్లో "బిలెయి" అంటే చెవి కూడా ఆడించకపోవచ్చు!

కొత్త ఇంట్లో మొదటి వారం ఒకే గది. మీరు కప్పుకున్న దుప్పటిని ఉతక్కుండా అక్కడ వేయాలి. రెండు మూడు వారాలు బయటికి వదలకూడదు. వదిలితే తాళం వేసి ఉన్న పాత ఇంటి మెట్ల మీదికే వెళ్లి కూర్చుంటుంది.

ఇక డబ్బు. చట్టం దృష్టిలో పిల్లి కూడా ఒక ఆస్తే, కాబట్టి దాని పేర ఆస్తి రాయడం కుదరదు. "నా పిల్లిని, దాని పోషణకు ఇంత మొత్తాన్ని ఫలానావారికి" అని మనిషి పేర రాయాలి, రెండో పేరూ చేర్చాలి. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. డబ్బు అందుకునేవారు సాక్షిగా లేకపోతే పేచీ ఉండదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించదలిస్తే, సబ్ రిజిస్ట్రారుకు తెలుగు రాకపోతే ఒడియా అనువాదం జతచేయమనవచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ నిబంధన ఉంది. చాలామంది పొరపడేది పవరాఫ్ అటార్నీ దగ్గర. రాసిచ్చిన మనిషి పోయిన క్షణంలోనే అది చెల్లదు. అందుకని మొదటి మూడు నెలల ఖర్చు బతికుండగానే చేతికివ్వడం మేలు. తిండి నెలకు సుమారు రెండు కిలోలు, ఇసుక, ఏటా టీకాలు లెక్క వేసుకోండి. ఆరేళ్ల పిల్లి ఇంకో ఎనిమిది, పదేళ్లు బతకొచ్చు.

చట్టం కాపాడుతుందని మాత్రం ఊరుకోవద్దు. ఆకలిదప్పులకు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే, కానీ మొదటి తప్పుకు అందులో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు!

ఒప్పుకున్నవారి వయసు కూడా చూసుకోవాలి. రెండేళ్ల పిల్లిని డెబ్బై ఐదేళ్ల పక్కింటావిడకు అప్పగిస్తే ఇదే చిక్కు మళ్లీ వస్తుంది. ఏటా టీకా వేయించిన రోజున ఆ పేజీ తిరగరాసి తేదీ వేయండి, ఆ ఇద్దరినీ మళ్లీ అడగండి, మారు తాళంచెవి ఇంకా తాళానికి పడుతుందో లేదో తిప్పి చూడండి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా