నల్లగొండ పేరు డ్రెస్డెన్ క్లాసులో నిలబడిందంటే అది వీళ్ల చలవే

అందరికీ నమస్కారం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక సెమిస్టర్ చదివి ఇంటికి వచ్చాను. అక్కడి మార్కులు వచ్చాయి, మా కాలేజీలో క్రెడిట్లు కూడా కలిశాయి. ఆ పనులన్నీ తేలాకే రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. విమానం ఎక్కింది నేనొక్కదాన్నే అయినా, మునుగోడు నుంచి వనపర్తి దాకా ఎంతోమంది తలా ఒక చెయ్యి వేస్తేనే ఆ ప్రయాణం జరిగింది. వాళ్లకు నలుగురి ముందు దండం పెట్టి చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

మాది మునుగోడు దగ్గర పల్లె. నాయిన పత్తి వేస్తాడు, అమ్మ బట్టలు కుడుతుంది. నేను సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఎక్స్ఛేంజ్ కింద ఎంపికైనప్పుడు ట్యూషన్ ఫీజు లేదన్నారు, సంబరపడ్డాం. తర్వాత తెలిసింది బ్లాక్డ్ అకౌంట్ సంగతి. అక్కడ ఉన్నన్నాళ్లు తిండికీ అద్దెకూ ఇబ్బంది పడబోమని వీసా కోసం చూపించడానికి నెలకు 992 యూరోల చొప్పున డబ్బు ముందే ఖాతాలో వేయాలి. ఆరు నెలలకు 5,952 యూరోలు. అప్పటి రేటుకు ఇంచుమించు ఆరు లక్షల రూపాయలు. అది ఖర్చయిపోయే సొమ్ము కాదు, వెళ్లాక నెలనెలా మనకే ఇస్తారు. కానీ ముందు మొత్తం ఒక్కసారిగా ఉండాలి కదా.

మా అమ్మ పొదుపు సంఘంలో సభ్యురాలు. ఆ నెలలోనే వాళ్లకు బ్యాంకు లింకేజీ లోను వచ్చింది. సభ్యులంతా సమానంగా పంచుకోవాల్సిన డబ్బు అది. ఒకరు బర్రె కొనాలనుకున్నారు, ఒకరు ఇంటి మీద స్లాబు వేయాలనుకున్నారు, ఇంకొకరు బిడ్డ పెళ్లికి దాచాలనుకున్నారు. సంఘం లీడరమ్మ మా ఇంటి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పింది. "పెండ్లి మాఘంల గాకపోతె వైశాఖంల అయితది. పిల్ల వీసా ఆగుతదా?" అని ముందుగా తన వంతు వదులుకున్నది ఆ పెళ్లి పెట్టుకున్న చిన్నమ్మే. ఆమె వెనకాలే మిగతావాళ్లు. ఒక్కరు కిస్తీ ఎగ్గొడితే సంఘం మొత్తానికి మచ్చ, మళ్లీ లోను రావడమే కష్టం. ఆ సంగతి తెలిసి కూడా నా మీద నమ్మకం పెట్టారు. తక్కువపడ్డది మా మేనమామ సర్దాడు. ఏ పెద్ద స్కాలర్‌షిప్పూ నాకు ఇంత ధైర్యం ఇచ్చేది కాదు. చిన్నమ్మ బిడ్డ పెళ్లి మొన్న వైశాఖంలోనే అయింది, తలంబ్రాల బియ్యం కలిపే పని నాకే అప్పజెప్పారు.

డ్రెస్డెన్‌లో దిగినప్పుడు స్టేషన్‌కు వచ్చింది వనపర్తి అక్క. ఆ ఊరు కంప్యూటర్ చిప్పుల తయారీకి పేరున్నది, అక్క అక్కడ ఒక కంపెనీలో ఇంజనీరు. మాకు చుట్టరికం ఏమీ లేదు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు. హాస్టల్ గది చేతికి వచ్చేదాకా వాళ్లింట్లోనే పెట్టుకుంది. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊళ్లో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దానికి సెలవు పెట్టి నా వెంట వచ్చింది. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. ఆ చలిలో, ఆ చీకట్లో అక్క పిలిచి పెట్టిన సర్వపిండి రుచి నేను మరిచిపోలేను. అక్కా, బావా, మీ ఇల్లు చల్లగుండాలి.

ఇప్పుడు అసలు సంగతి. నీటి శుద్ధి క్లాసులో ఒకరోజు ఫ్లోరైడ్ పాఠం వచ్చింది, మా బోరు నీళ్లలో ఎక్కువై ఎముకలను దెబ్బతీసింది అదే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. దాన్ని తగ్గించే పద్ధతులు తెర మీద వరుసగా వేశారు: యాక్టివేటెడ్ అల్యూమినా, ఎముకల బొగ్గు, ఆర్వో, వాటి మధ్యలో 'నల్గొండ టెక్నిక్'. ఒళ్లు జలదరించింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించిన పద్ధతి అది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరబెట్టి వడకట్టడం, అంతే. మా జిల్లా పేరు మీద ఆ పద్ధతి టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. మా పిల్లలకు బడిలో తప్పకుండా చెప్పాల్సిన పాఠమని నా అభిప్రాయం.

నాది ఆ జిల్లానే అని చెప్పగానే ఆ పద్ధతి మీద సెమినార్ నాకే ఇచ్చారు. పక్కన కూర్చునే ఇథియోపియా అమ్మాయి అడిగిన ప్రశ్నలే నన్ను కదిలించాయి. వాళ్ల రిఫ్ట్ లోయ ఊళ్లలోనూ ఇదే ఫ్లోరైడ్ బాధ. "మీ దగ్గర ఈ పద్ధతి ప్లాంట్లు ఎందుకు ఆగిపోయాయి? పటిక ఎవరు కొలిచేవాళ్లు? అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పోసేవాళ్లు?" అని అడిగింది. లైబ్రరీలో దొరికిన పేపర్లలో రసాయనం ఉంది, ఈ జవాబులు లేవు.

నాయినకు ఫోన్ చేస్తే మర్రిగూడ వైపు ఒకప్పుడు అలాంటి ప్లాంటు నడిపిన కాకను వెతికి పట్టుకున్నాడు. కాక తన పేరు రాయొద్దన్నాడు, అందుకే కాక అనే రాస్తున్నాను. ఆయన మోకాళ్లు సరిగ్గా వంగవు, తాగిన నీళ్లే కారణం. అయినా గంటలకొద్దీ ఫోన్‌లో చెప్పాడు. పటిక గడ్డలు గోనెసంచుల్లో వచ్చేవట. ముందురోజు రాత్రే దంచి నానబెట్టేవాడు. పొద్దున ముందుగా సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఆ తర్వాత పటిక నీళ్లు. మొదట చురుగ్గా కలపాలి, తర్వాత నెమ్మదిగా, ఆపైన కదిలించకుండా తేరనివ్వాలి. "పుస్తకంల గ్రాముల లెక్కుంటది బిడ్డా, నా దగ్గర డబ్బా లెక్క ఉండె. ఎండకాలం బోరు నీళ్లు మారుతయి, డబ్బా మారకపాయె. ఎక్కువ పడితె నీళ్లు వగరెక్కుతయి, జనం తాగరు. పటిక అయిపోతె మల్ల వచ్చేదాంక ప్లాంటు బందే" అన్నాడు. కరెంటు లేనప్పుడు కట్టెతో కలిపేవాడట. మడ్డిని వెనక గుంతలో పోసేవాళ్లట.

ఆ మాటల్లోని సైన్సు నాకు విప్పి చెప్పింది నల్లగొండలో నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మేడం. నీళ్లలో క్షారగుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలనీ, పరీక్ష లేకుండా ఒకే కొలత వేస్తే ఫ్లోరైడ్ అయినా మిగులుతుంది, అల్యూమినియం అయినా మిగులుతుందనీ కాగితం మీద లెక్కలు వేసి ఫొటోలు పంపారు. మేడం, ఆ కాగితాలే నా సెమినార్‌కు వెన్నెముక.

సెమినార్ రోజు కాక మాటలు తెలుగులోనే ఒక నిమిషం వినిపించి, ఆ తర్వాత అర్థం చెప్పాను. ఇప్పుడు మా ఇళ్లకు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయని కూడా చెప్పాను. బోరు నీళ్లను శుద్ధి చేసుకోవడం కన్నా మంచి నీళ్లు దూరం నుంచి తెచ్చుకోవడమే చివరికి మాకు దారి అయిందని వివరించాను. ఆ అమ్మాయి డబ్బా కొలత గురించి రెండుసార్లు అడిగి రాసుకుంది. నాకు 1.3 గ్రేడు వచ్చింది. అక్కడ 1.0 అన్నిటికన్నా పైది, 4.0 దాటితే ఫెయిల్. ఆ గ్రేడులో సగానికి పైగా కాకది, మేడంది.

క్రెడిట్ల కాగితాల కోసం పరీక్షల విభాగం చుట్టూ నాకు బదులు తిరిగిన మా హెచ్ఓడీ సారుకు, సంతకాల కోసం పరుగులు తీసిన దోస్తులకు, అమ్మకు టెన్షన్ ఎక్కువైనప్పుడల్లా పక్కన కూర్చున్న మా వాడకట్టు అత్తమ్మలకు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సంఘం లోను కిస్తీలు ఒక్క నెల కూడా ఆగలేదు. అక్కడ వండుకు తిని మిగిల్చింది పంపాను, మిగతాది నేనూ నాయినా కడుతున్నాం.

సెమినార్ రిపోర్టును తెలుగులో రాసి ఒక ప్రతి కాకకు ఇచ్చాను, ఇంకొకటి మా హైస్కూల్ సైన్స్ సారుకు ఇచ్చాను. ఈ ఏడాది ఎక్స్ఛేంజ్‌కు ఎంపికైన జూనియర్లు ఎవరైనా ఉంటే మొహమాటపడకండి. బ్లాక్డ్ అకౌంట్, హాస్టల్ దరఖాస్తు, వీసా కాగితాలు, ఏది కావాలన్నా కూర్చుని చెప్తాను. వీలైతే మీ అమ్మానాన్నలను కూడా వెంట తీసుకురండి, వాళ్లకు ఉండే అనుమానాలు మా అమ్మ తీరుస్తుంది.