ఎడారి సవారీకి ముందు నాలుగు మాటలు

అయ్యా,

ఎడారి విహారం పేరిట పర్యాటకులను క్వాడ్ బైకులపైనా, ఒంటెలపైనా తిప్పే నిర్వాహకులు బయలుదేరే ముందు ఇచ్చే సూచనల గురించి రాస్తున్నాను. నేను వెళ్లినచోట అవి హెల్మెట్ చేతికివ్వడంతోనే ముగిశాయి. క్వాడ్ బైకుకు నాలుగు చక్రాలున్నాయి గనుక పడదన్న ధీమా అందరిదీ. కానీ పైకప్పు గానీ సీటుబెల్టు గానీ లేని ఆ బరువైన బండిని ఇసుకతిన్నె వాలుకు అడ్డంగా నడిపినా, శిఖరం దాటి 34 డిగ్రీల వరకు ఏటవాలుగా ఉండే గాలిచాటు వైపుకు దూకించినా, అది బోల్తాకొట్టి నడిపేవారి మీదే పడే ప్రమాదముంది.

ఒంటె సంగతి వేరు. లేచేటప్పుడు వెనుక కాళ్లను ముందుగా నిటారు చేస్తుంది, కూర్చునేటప్పుడు ముందరి మోకాళ్లను ముందుగా వంచుతుంది. రెండుసార్లూ మనం ముందుకే తూలుతాం గనుక వెనక్కి వాలి జీను పిడి పట్టుకోవాలి. ఈ ముక్క నాకు కళ్లజోడు ఇసుకలో పడ్డాక తెలిసింది!

ఇంకొకటి, క్వాడ్ బైకులు హోరెత్తిస్తూ ఒంటెల వరుస పక్కనుంచే దూసుకెళ్తున్నాయి. జంతువు బెదిరితే పైనున్నవారి గతేమిటి? రెండింటికీ వేర్వేరు దారులు కేటాయించాలనీ, కొత్తవారి చేత ముందుగా చదునైన చోట కాసేపు బండి నడిపించి చూడాలనీ నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు