2025–26 వార్షిక నివేదిక (కార్యదర్శి)

గుర్రాల కోసం పనిచేసే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది, రూల్ ప్రకారం రిపోర్ట్ ముందే పంపాలి కాబట్టి పంపుతున్నా. పోయినసారి ఎవరూ చదవకుండా వచ్చి ఇందులో ఉన్నవే మళ్ళీ నన్ను అడిగారు, ఈసారి కాస్త చదివి రండి.

ముందు గట్టిగా చెప్పుకోవాల్సింది డిసెంబర్లో పాతబస్తీ వైపు పెట్టిన గుర్రాల గిట్టల క్యాంపు. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, బారాత్ గుర్రాలకి బేరాలు తక్కువ, అప్పుడైతే తీసుకొస్తారు అని ఐడియా ఇచ్చింది మన ఉపాధ్యక్షురాలు, ఆవిడకి థ్యాంక్స్. ఖాళీ స్థలం ఇచ్చిన ఫంక్షన్ హాల్ ఆయనకి, పొద్దున్నే వచ్చి చీకటి పడేదాకా వంగిన నడుం ఎత్తకుండా గిట్టలు చెక్కి లాడాలు కొట్టిన నాల్‌బంద్ చాచాకి, సెలవు పెట్టుకుని వచ్చిన పశువుల డాక్టర్ గారికి, ఉలవలు పంపిన మలక్‌పేట దాణా షాపు వాళ్ళకి, టీలు మోసిన పిల్లలకి అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. వస్తామని గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి ఫోన్ ఎత్తని వాలంటీర్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

ఆ రోజు ఒక గోధుమరంగు ఆడగుర్రం వచ్చింది. నుదుటి మీద ఇంకా తళుకుల పట్టీ ఉంది, నడక మాత్రం తేడాగా ఉంది. ముందు కుడికాలు మోకాలి కింద వెనకవైపు టెండన్ (కండని ఎముకకి కలిపే నరంలాంటిది) విల్లులా వంగి ఉబ్బింది, చెయ్యి పెడితే వేడిగా తగిలింది. డాక్టర్ గారు మెడ ఎడమవైపు, చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్ చదివే రీడర్ పెడితే టీక్‌మంది, పదిహేను అంకెల నంబర్ వచ్చింది. చిప్ ఉంది, ఒళ్ళు చూస్తే థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) అని తెలుస్తూనే ఉంది, రేసుల్లో పరిగెత్తి వచ్చిన గుర్రమేనని దాన్ని తెచ్చినాయనే చెప్పాడు. పాస్‌పోర్ట్ (గుర్రం గుర్తింపు పుస్తకం) ఏదంటే నాకు ఇవ్వలేదు సార్, నేను కొన్నది ఏజెంట్ దగ్గర, ఆయన ఇంకెవరి దగ్గరో కొన్నాడు అన్నాడు. కుంటుతుందని తెలిసే అమ్మారు, ధర తక్కువని ఈయనా తెలిసే కొన్నాడు. ఈయన కూడా బతకాలి కదా, నేను తిట్టలేకపోయా.

సంవత్సరం మొత్తం మనం పోరాడిన విషయం ఇదే. మన దేశంలో థరోబ్రెడ్ పిల్ల పుడితే పుణేలో స్టడ్ బుక్ అథారిటీ దగ్గర తల్లీ తండ్రీ వివరాలతో నమోదవుతుంది, అంటే పుట్టుక లెక్క పక్కాగా ఉంటుంది. దెబ్బ తగిలి రేసుల నుంచి తీసేశాక ఎటు పోయిందో మాత్రం ఎవర్ని అడిగినా పక్కవాళ్ళని చూపిస్తారు. ఓనర్‌ని అడిగితే ట్రైనర్ చూసుకుంటాడంటాడు, ట్రైనర్ డాక్టర్ ఫిట్ అన్నాడంటాడు, జాకీకి చెప్పే ధైర్యం ఉండదు, చెప్తే రేపు రైడ్ దొరకదు. 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 3 ప్రకారం జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ళదే బాధ్యత. వినడానికి బాగుంది, కానీ కేసు పెడితే దొరికేది చివరికి పగ్గం పట్టుకున్న ఈ బారాత్ ఆయనే, ఆ కాలు మీద సంపాదించినవాళ్ళు ఎప్పుడో పక్కకెళ్ళిపోయారు. పైగా మొదటి తప్పుకి జరిమానా మహా అయితే 50 రూపాయలు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో బిర్యానీ కూడా రాదు.

అక్టోబర్ 2న దక్కన్ డెర్బీ (హైదరాబాద్‌లో జరిగే పెద్ద గుర్రప్పందెం) రోజు రేస్ కోర్స్ బయట పాంప్లెట్లు పంచాం. పందెం కాసేవాళ్ళే ఎక్కువ ఆగి చదివారు, నేను అనుకోలేదు. తర్వాత డాక్టర్ గారి క్లాసు పెట్టాం, రానివాళ్ళ కోసం రెండు ముక్కలు. గుర్రం 450 నుంచి 500 కిలోలు ఉంటుంది, గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో ఒక్కో ముందుకాలి మీద ఒంటి బరువుకి రెండింతలపైనే పడుతుంది. రేసులో ఎముక విరిగితే యాక్సిడెంట్ అంటాం కానీ చాలావాటిలో అంతకుముందే ట్రైనింగ్‌లో ఎముకకి సన్న చీలికలు పడి ఉంటాయట, కాలు వేడి, నడకలో తేడా గుర్రాన్ని రోజూ కడిగి మేపే సైసుకే ముందు తెలుస్తుంది, కానీ అతన్ని అడిగేదెవరు. విరిగాక అతికించడం కూడా మనుషుల్లో లాగా కాదు. అమెరికాలో 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బారో అనే గుర్రానికి రెండు వారాలకే ఇంకో రేసులో వెనకకాలు విరిగింది, డబ్బుకి కొదవ లేదు, నెలల తరబడి వైద్యం చేశారు, బరువంతా మిగతా కాళ్ళ మీద పడి గిట్టలు పాడై 2007 జనవరిలో బాధ తప్పించడానికి దాని ప్రాణం తీసేయాల్సొచ్చింది. అక్కడ 2022 నుంచి చాలా రాష్ట్రాలకి కలిపి ఒకే భద్రతా సంస్థ రూల్స్ పెట్టి, రేసుల్లో ఎన్ని గుర్రాలు పోయాయో లెక్క బయటపెడుతోంది. మనమూ అడిగేది ఆ లెక్కే.

హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కి పోయిన గుర్రాలు వరసగా చనిపోయాయన్న వార్త 2025లో మీరంతా చూసే ఉంటారు. 1978 రవాణా రూల్స్‌లో గుర్రాలకి లారీకి నాలుగు నుంచి ఆరు అని, ప్రయాణానికి ముందు డాక్టర్ సర్టిఫికెట్ అని అన్నీ రాసే ఉన్నాయి. ఈ రూల్ మన దగ్గర ఎలా చెక్ చేస్తున్నారో చెప్పమని ఒక ఆఫీసుకి ఉత్తరం రాశాం. మా పరిధి కాదని ఇంకో ఆఫీసుకి పంపారు, వాళ్ళు మళ్ళీ మొదటి ఆఫీసుకే పంపారు. ఇన్‌వర్డ్ నంబర్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఎవరికైనా ఓపికుంటే తీసుకుని ఆర్‌టీఐ వెయ్యండి.

కమిటీ తరఫున తీర్మానం ఒకటే పెడుతున్నాం. గుర్రం పరిగెత్తిన ప్రతి రేసుకీ ఓనర్ దగ్గర చిన్న మొత్తం పక్కన తీసిపెట్టాలి, ప్రైజ్ మనీలోంచి ఇంకొంత రావాలి, గుర్రం చేతులు మారినప్పుడల్లా చిప్ నంబర్ మీద ఎంట్రీ పడాలి, వైద్యం ఖర్చు వస్తే ఆ నిధిలోంచే పోవాలి. రేసులు మొత్తం బంద్ చెయ్యమనాలని మనలో కొందరు అంటున్నారు, మీటింగ్‌లో మాట్లాడండి, నా మటుకు నాకు లాయాల్లో ఉన్న సైసుల సంగతేంటో చెప్పకుండా ఆ మాట అనలేను.

లెక్కలు ట్రెజరర్ గారు చూశారు, ఆడిట్ అయింది, షీటు జత చేశాం. క్యాంపు ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, విరాళాలు తక్కువొచ్చాయి, చందా బాకీ ఉన్నవాళ్ళ లిస్టు కూడా అందులోనే ఉంది. ఆ గోధుమరంగు దానికి కట్లు, మందులు ఇంకా నడుస్తున్నాయి, డాక్టర్ గారు సవారీ వద్దన్నారు, ఈ సీజన్ దాని తిండి ఖర్చు మనం పెట్టుకుంటామని ఆ ఆయనకి మాటిచ్చా, కమిటీ ఒప్పుకుంది, డబ్బులు మాత్రం మీరే ఇవ్వాలి.

మీటింగ్ పదింటికి. భోజనం ఉంది, వచ్చేవాళ్ళు శుక్రవారం లోపు చెప్పండి, పోయినసారి వండింది సగం మిగిలింది.

మీ
కార్యదర్శి