అమ్ములూ, నువ్వు పార్టీ మారావని విని

అమ్ములూ,

నిన్న అల్లుడు మాటల మధ్యలో చెప్పాడు, నువ్వు ఓటరు రిజిస్ట్రేషన్‌లో పార్టీ మళ్ళీ మార్చుకున్నావని. అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిన కొత్తలో డెమోక్రాట్ అన్నావు, తర్వాత కొన్నాళ్ళు రిపబ్లికన్, ఇప్పుడు లిబర్టేరియన్ అట, మనిషి పనిలో సర్కారు జోక్యం ఎంత తక్కువైతే అంత మేలనే చిన్న పార్టీ. మీ మామయ్య పక్కనే ఉన్నాడు, వినీ వినగానే "పూటకో కండువానా" అన్నాడు. నాకు ఆ మాట అస్సలు నచ్చలేదు, అప్పటికప్పుడు గట్టిగానే చెప్పాను. కానీ ఫోన్‌లో నీకు ఇవన్నీ చెప్పబోతే నువ్వు మధ్యలో అందుకుంటావు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, ఓపిగ్గా చదువు.

పదవి కోసం గోడ దూకేవాళ్ళని నేనూ చూశాను, మన దగ్గర వాళ్ళకి కొదవేం లేదు. నీకు అక్కడ ఏ పదవీ లేదు, టికెట్టూ లేదు, ఇంకా చెప్పాలంటే గెలిచే పార్టీ వదిలేసి గెలవని పార్టీలోకి వెళ్ళావు. అది గోడ దూకడం ఎట్లా అవుతుంది. మనిషి ఒకే ప్రశ్న పట్టుకుని నడుస్తుంటే ఆ ప్రశ్నకి ఈ పార్టీలో జవాబు దొరక్క ఇంకో పార్టీకి వెళ్తాడు, అక్కడా దొరక్కపోతే ఇంకో చోటికి. బయటోళ్ళకి కండువా రంగు మారడం ఒక్కటే కనపడుద్ది. మన ఇంట్లోనే ఇది జరిగింది, నీకు సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

మీ తాతయ్య పుట్టు కాంగ్రెస్. పుట్టు అని ఊరికే అనట్లా, 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారే, ఇప్పుడు రణరంగ చౌక్‌లో స్తంభాలున్నాయి కదా, ఆ రోజు ఆ గుంపులో ఈయనా ఉన్నాడు, అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కాడెద్దుల గుర్తు తప్ప ఇంకోటి తెలీదు ఆయనకి. 1952లో పొట్టి శ్రీరాములు గారు పోయినప్పుడు మద్రాసులో ముఖ్యమంత్రి రాజాజీ, ఆంధ్ర రాష్ట్రం ఇవ్వనన్నాడని ఆయన్ని తిట్టని తిట్టు లేదంట మా నాన్న. తిట్టింది రాజాజీని, పార్టీని మాత్రం వదల్లేదు.

వదిలింది 1963లో. ఆయన బంగారం పని చేసుకునే కంసాలి కదా. చైనా యుద్ధం అయిపోయింది, విదేశీ మారకం లేదు, బంగారం దొంగచాటుగా వస్తోందని చెప్పి ఆ జనవరిలో ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ గోల్డ్ కంట్రోల్ తెచ్చాడు. 14 క్యారెట్లకి మించిన బంగారంతో కొత్త నగ చెయ్యకూడదు. అంటే ఏంటో నీకు తెలియాలి. 22 క్యారెట్లంటే వందకి తొంభై పైగా బంగారం, 14 అంటే అరవై కూడా ఉండదు, మిగతాదంతా రాగీ వెండీ. ఆ కలిపింది రంగు పాలిపోయి ఉంటది, గట్టిగా ఉంటది, మెత్తగా వంగి పని చెప్పినట్టు వినదు. ఏ తల్లి కూతురి తాళిబొట్టు దాంతో చేయించుకుంటుంది? అడిగిన వాళ్ళే లేరు. కుంపటి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చుంటే చాలు రోజు గడిచే మనిషి, ఆ ఏడు నెలల తరబడి కుంపటి రాజెయ్యలేదు. మా అమ్మ చెప్పేది, పట్టకార్లూ సుత్తులూ ఉత్తినే తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేవాడంట, బంగారం తూచే గురిగింజలు ఊరికే లెక్కపెట్టేవాడంట. దేశంలో ఎన్ని ఊళ్ళల్లోనో కంసాలి కుటుంబాలు రోడ్డున పడ్డాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 14 క్యారెట్ల రూలు 1966లో తీసేశారు, 68లో మళ్ళీ చట్టం చేసి సర్టిఫికెట్లూ లెక్కల పుస్తకాలూ తెచ్చారు, అది 1990లో గానీ పోలేదు. అప్పటికి నాన్నకి చూపు ఆనట్లేదు.

ఆ రోజుల్లోనే ఆయన స్వతంత్ర పార్టీ మీటింగులకి వెళ్ళడం మొదలెట్టాడు, నక్షత్రం గుర్తు పార్టీ. ఆ పార్టీ పెట్టింది ఎవరు? ఆయన తిట్టిపోసిన రాజాజీనే. 1959లో, ఎనభై ఏళ్ళ వయసులో, జీవితమంతా ఉన్న కాంగ్రెస్‌కి ఎదురుగా. ఏ పనికైనా సర్కారు పర్మిట్టో లైసెన్సో కావాలనే పాలనకి పర్మిట్ లైసెన్స్ రాజ్ అని పేరు పెట్టింది ఆయనే కదా. 52లో ముఖ్యమంత్రి కాగానే ధాన్యం మీద కంట్రోళ్ళు ఎత్తేశాడు, అంటే ఆ ఆలోచన ఆయనకి అప్పటికే ఉంది, పార్టీయే ఆయన ఆలోచనకి దూరంగా జరిగింది. మా నాన్న "రాష్ట్రం విషయంలో ఆయన చేసింది ఈ జన్మకి మర్చిపోను, కానీ నా కుంపటి గురించి మాట్లాడేవాడు ఆయనొక్కడే" అనేవాడు. ఈ రెండూ ఒకే నోటితో అనగలిగాడు చూడు, అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం.

ఇక అదే పార్టీలోకి వచ్చిన ఎన్.జి. రంగా గారి సంగతి. మన నిడుబ్రోలు ఆయన. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చి రైతుల కోసం తిరిగిన మనిషి, 1936లో అఖిల భారత కిసాన్ సభ పెట్టినప్పుడు ప్రధాన కార్యదర్శి, అంటే కమ్యూనిస్టులూ సోషలిస్టులూ అందరూ ఉన్న చోట. 51లో కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టాడు, మళ్ళీ కాంగ్రెస్‌కి వచ్చి 57లో మన తెనాలి నుంచే ఎంపీ అయ్యాడు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్‌లో సహకార వ్యవసాయం తీర్మానం వచ్చింది, భూములన్నీ కలిపి ఉమ్మడిగా సేద్యం చెయ్యాలని. రైతు తన చేలో తానే కూలీ అవుతాడని ఆయన భయం. బయటికొచ్చి స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 62లో తెనాలి ఆయన్ని ఓడించింది, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్ళాడు. ఇన్ని మార్పుల్లో ఆయన మార్చనిది ఒక్కటే, పొలం దున్నేవాడిదే ఉండాలి, జమీందారుది కాకూడదు, సర్కారుది కూడా కాకూడదు. మామయ్య రంగా గారిని భూస్వాముల మనిషి అంటాడు, ఆయన జమీందారీలకి వ్యతిరేకంగా ఎన్నేళ్ళు కొట్లాడాడో మామయ్యకి తెలీక కాదు.

స్వతంత్ర పార్టీ ఇంకో నాయకుడు మినూ మసానీ అయితే ఇంకో దారిలో వచ్చాడు. 1934లో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి కాంగ్రెస్ సోషలిస్ట్ పార్టీ పెట్టిన వాళ్ళల్లో ఒకడు, సోవియట్ దేశం చూసొచ్చి మురిసిపోయిన మనిషి. స్టాలిన్ తన పాత కామ్రేడ్లనే కోర్టులో నిలబెట్టి చంపిస్తున్నాడని వినేసరికి ఆయన నమ్మకం విరిగింది. చూడమ్మా, రైతు నాయకుడు ఒక ద్వారం నుంచి, సోషలిస్టు ఒక ద్వారం నుంచి, ముసలి కాంగ్రెస్ ఆయన ఇంకో ద్వారం నుంచి వచ్చి ఒకే ఇంట్లో కలిశారు. 67లో 44 సీట్లు గెలిచారు లోక్‌సభలో. వీళ్ళు మీ లెక్కలో పూర్తి లిబర్టేరియన్లు కారేమో, వాళ్ళకి పట్టింపులు వేరే ఉన్నాయి, కానీ మన దేశంలో ఆ దరిదాపుల్లోకి వచ్చిన పెద్ద పార్టీ అదే.

మీ అమెరికా సంగతి కూడా నేను కొంచెం చదివాను, నువ్వు ఎక్కడికి వెళ్ళావో తెలుసుకోకుండా ఎట్లా ఉంటా. బంగారం దగ్గరే ఆగిపోయాను. 1933లో రూజ్‌వెల్ట్, డెమోక్రాట్, జనం దగ్గరున్న బంగారు నాణేలూ కడ్డీలూ సర్కారుకి అప్పజెప్పమన్నాడట, నగలు వదిలేశాడు, నాణేలు వంద డాలర్ల దాకా ఉంచుకోనిచ్చాడు. మళ్ళీ మామూలు మనిషి బంగారం దాచుకోవడానికి 1974 ఆఖరి దాకా ఆగాల్సొచ్చింది. సరే ఆయన డెమోక్రాట్ అనుకుంటే, 1971 ఆగస్టు 15న నిక్సన్, రిపబ్లికన్, జీతాలూ ధరలూ 90 రోజులు పెంచకూడదని ఆర్డరేశాడు, డాలరుకీ బంగారానికీ ఉన్న ముడి కూడా అదే రోజు తెంచేశాడు. మార్కెట్టు స్వేచ్ఛ అని ఓట్లడిగిన పార్టీ అది! అది చూసి విరక్తి పుట్టినవాళ్ళల్లో డేవిడ్ నోలన్ ఒకడు, 64లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ కోసం పనిచేసిన కుర్రాడు, ఆ డిసెంబరులోనే కొలరాడోలో మీ లిబర్టేరియన్ పార్టీ పెట్టారు. చదువుతుంటే నాకు మా నాన్న కుంపటే కళ్ళ ముందు కనపడింది.

ఇంకో సంగతి, ఇది నీకు తెలుసో లేదో. 72 ఎన్నికల్లో లిబర్టేరియన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి టోనీ నేథన్, ఆడమనిషి. వర్జీనియాలో రోజర్ మెక్‌బ్రైడ్ అనే రిపబ్లికన్ ఎలెక్టర్, అంటే రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి ఓటేసే ప్రతినిధి, నిక్సన్‌కి వెయ్యాల్సిన ఓటు తీసుకెళ్ళి వీళ్ళకి వేశాడు. అమెరికా చరిత్రలో ఎలెక్టొరల్ ఓటు పడిన మొదటి ఆడది ఆవిడే. పెద్ద పార్టీలు రెండింటికీ అప్పటిదాకా చేతకాలేదు ఆ పని. మెక్‌బ్రైడ్‌కి సొంత పార్టీలో ఇక ముఖం చెల్లకుండా పోయుంటది, కానీ 76లో వీళ్ళే ఆయన్ని అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టారు.

కార్ల్ హెస్ గురించి చదివి మాత్రం రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. 64లో గోల్డ్‌వాటర్‌కి ఉపన్యాసాలు రాసిన మనిషి, అంటే కుడివైపు నడిమధ్యలో ఉన్నవాడు. వియత్నాం యుద్ధం చూసి ఎడమవైపు కుర్రాళ్ళతో, యుద్ధం వద్దనే స్టూడెంట్లతో కలిసిపోయాడు. పన్ను కట్టనన్నాడు, పన్నుల శాఖ వాళ్ళు ఆయన సంపాదించే ప్రతి పైసా మీదా పట్టు వేశారు. వెల్డింగ్ నేర్చుకుని, పని చేసిపెట్టి బదులుగా సరుకులు తీసుకుంటూ బతికాడు. చివరికి 80ల్లో లిబర్టేరియన్ పార్టీ పత్రికకి ఎడిటర్‌గా చేశాడు. కుడి నుంచి ఎడమకి, అక్కడి నుంచి ఇక్కడికి. ఆయన ప్రశ్న కూడా ఒకటే, నా కష్టం మీదా నా ప్రాణం మీదా హక్కు ఎవరిది అని.

అమ్ములూ, ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతా. నువ్వు మొదట డెమోక్రాట్ అయింది దేనికో నాకు గుర్తుంది, చిన్న చిన్న మత్తుమందు కేసులకి కుర్రాళ్ళని ఏళ్ళ తరబడి జైల్లో పెడుతున్నారని బాధపడేదానివి. రిపబ్లికన్ అయింది నీ క్లినిక్ పెట్టుకునేటప్పుడు ఆ అనుమతుల కోసం తిరిగి తిరిగి. ఈ రెండూ ఒకటే ప్రశ్న అని నీకు ఇప్పుడు అనిపించి ఉంటది. అనిపిస్తే మంచిదే. కానీ ఆ పార్టీలోకి జైలు బాధతో వచ్చినవాళ్ళూ ఉంటారు, పన్ను బాధతో వచ్చినవాళ్ళూ ఉంటారు, ఒకళ్ళ బాధ ఒకళ్ళకి చిన్నదిగా కనపడుద్ది. నీకు రెండూ తెలుసు కాబట్టి నువ్వు రెండు రకాల వాళ్ళ మాటా విను. నిన్నటిదాకా నీతో ఉన్న డెమోక్రాట్ స్నేహితురాళ్ళని, ఆ పిల్లలు నీ పురుడప్పుడు నాకంటే ముందొచ్చి వండిపెట్టినవాళ్ళు, వాళ్ళని తెలివి తక్కువ వాళ్ళన్నట్టు మాట్లాడకు. మొన్న వీడియో కాల్‌లో అట్లాంటి మాట ఒకటి వచ్చింది నీ నోట, నాకు గుచ్చుకుంది.

అక్కడే ఉండిపోవాలని కూడా లేదు. రాన్ పాల్ అనే ఆయన 88లో మీ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడి, మళ్ళీ రిపబ్లికన్‌గానే అమెరికా కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి వెళ్ళి, ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేశాడు. అదే సభలో సభ్యుడు జస్టిన్ అమాష్ 2019 జులై 4న రిపబ్లికన్ పార్టీ వదిలాడు, 2020లో లిబర్టేరియన్ అయ్యాడు, 2024లో సెనేట్ కోసం మళ్ళీ రిపబ్లికన్ ప్రైమరీలో పోటీ చేసి ఓడిపోయాడు. రంగా గారూ 71లో స్వతంత్ర చితికిపోయాక ఇందిర కాంగ్రెస్‌లో చేరి గుంటూరు నుంచి మూడుసార్లు ఎంపీ అయ్యాడు, మా నాన్న దానికి చాలా రోజులు బాధపడ్డాడు. స్వతంత్ర పార్టీ 74లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది, అది 77లో జనతాలో కలిసింది, ఆ జనతా ప్రభుత్వమే 78లో 44వ సవరణతో ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది, ప్రధాని ఎవరనుకున్నావ్, మొరార్జీ దేశాయే. కలిసిపోతే ఏమవుద్దో అది, కలవకుండా ఒంటరిగా ఉంటే ఏమవుద్దో అంటే 2016లో మీ పార్టీ అధ్యక్ష అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కి వచ్చింది నూటికి మూడు పైచిలుకు, మీవాళ్ళకి అదే అన్నిటికంటే ఎక్కువ. ఏది మేలో నేను చెప్పలేను, రెండు దారులకీ ఖరీదుంది.

నేను మాత్రం నీతో మొత్తం ఒప్పుకోను, అది కూడా చెప్పాలి. 83లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మన వీధిలో పొయ్యి వెలగని ఇళ్ళల్లో వెలిగింది, నేను కళ్ళారా చూశాను. అది తప్పంటే నా మనసు ఒప్పుకోదు. ఇంకా చెప్పనా, అదే ఏడు మీ తాతయ్య కూడా సైకిలుకే ఓటేశాడు, స్వతంత్ర మనిషి! అడిగితే "నా పని ఆపమని ఎవడూ చెప్పకూడదు, పక్కింటోడికి అన్నం పెడితే నాకేం నష్టం" అన్నాడు. మీ పుస్తకాల్లో దీనికి జవాబుంటే నాకు రాయి, నేను నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

ఆదివారం మామయ్యకి ఫోన్ చెయ్యి. కండువా మాటకి దెబ్బలాడకు, హెస్ గురించి చెప్పు, వెల్డింగ్ సంగతీ యుద్ధం సంగతీ చెప్తే మామయ్య వింటాడు. మసానీ గురించి మాత్రం ఇప్పుడే ఎత్తకు, స్టాలిన్ పేరొస్తే ఇక ఆ రోజు మాట పెగలదు.

పిల్లకి దగ్గు తగ్గిందా, అల్లుడిని అడిగానని చెప్పు.

అమ్మ