బట్టల షోరూముల్లో, రొయ్యల కర్మాగారాల్లో సెలవు హక్కే

సంపాదకుడు గారికి,

భీమవరం, తణుకు, అమలాపురం, రాజమహేంద్రవరం బజార్లలో ఇప్పుడు యాభై మంది, వంద మంది పనిచేసే బట్టల షోరూములు ఉన్నాయి. డెల్టా అంతటా చెరువుల సాగు పెరిగాక రొయ్యల శుద్ధి కర్మాగారాలూ వెలిశాయి. వీటిలో ఎక్కువగా పనిచేసేది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. సెలవుల సంగతి ఎవరిని కదిపినా ఒకటే జవాబు: ‘నాగా పెడితే ఆ రోజు జీతం కోసేస్తారు.’ చట్టం అలా లేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవారు లేరు.

దుకాణాల సంగతి ముందు చెబుతాను. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. దాని 30వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి మరుసటి పన్నెండు నెలల్లో 15 రోజుల సెలవు జీతంతో ఇవ్వాలి. వాడుకోకపోతే 60 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. అది కాక జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా ఏడాదికి 12 రోజులు, ఇంటి అవసరాలకు మరో 12 రోజులు. వారానికోసారి ఇచ్చే సెలవు వీటిలో కలవదు. జబ్బు సెలవుకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే అర్హత ఉంది. ఏడాది నిండాక చూద్దామని యజమాని అనడానికి వీల్లేదు. ఇద్దరు మనుషులతో నడిచే కిరాణా కొట్ల మాట నేనెత్తడం లేదు. శ్రావణమాసంలో, సంక్రాంతికి రాత్రి పది దాకా నిలబెట్టి పనిచేయించుకునే పెద్ద షోరూముల గురించే నా బాధ.

కర్మాగారాల్లో లెక్క వేరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున మరుసటి ఏడాది జీతంతో సెలవు వచ్చేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో ఆ 240ని 180 చేశారు. మన ప్రాంతానికి ఇది చాలా పెద్ద మార్పు. రొయ్యల పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. చెరువుల్లో తెగులు వస్తే, ధర పడిపోతే సరుకు రాదు, పని ఉండదు. అలాంటప్పుడు నిబంధనల ప్రకారం ప్రకటించిన లే ఆఫ్ రోజులను కూడా పనిచేసిన రోజులతో కలిపే అర్హత చూడాలి. ప్రసూతి సెలవు రోజులూ అంతే. ఏళ్ల తరబడి పనిచేస్తున్న మహిళల్లో ఎందరికి ఈ లెక్క చెప్పారు?

మా వీధిలో ఒకావిడ నాలుగేళ్లుగా ఒక రొయ్యల కర్మాగారంలో తలలు తీసే పనికి వెళ్తోంది. రోజంతా చేతులు మంచునీళ్లలోనే. వర్షాకాలంలో టైఫాయిడ్ వచ్చి రెండు వారాలు మంచాన పడింది. ఆ రోజులకు పైసా రాలేదు. అడిగితే ‘నువ్వు కంట్రాక్టరు మనిషివి, కంపెనీ సెలవులు నీకు వర్తించవు’ అన్నారట. ఇది పచ్చి అబద్ధం. నేరుగా తీసుకున్నా, కంట్రాక్టరు ద్వారా తీసుకున్నా కర్మాగారంలో పనిచేసే మనిషి కార్మికురాలే అని పాత ఫ్యాక్టరీల చట్టం నిర్వచనంలోనే ఉండేది.

మరింత బాధ కలిగించిన విషయం ఇంకోటి ఉంది. ఆమె జీతంలో నెలనెలా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా కోత పడుతోంది. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నవారి నుంచి 0.75 శాతం పట్టుకుంటారు, యాజమాన్యం 3.25 శాతం కడుతుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడితే, దానికి సంబంధించిన ప్రయోజన కాలంలో, అంటే ఆ చందాపై సాయం అందే నెలల్లో, జబ్బు చేసినప్పుడు సగటు జీతంలో 70 శాతం ఇస్తారు. ఏడాదికి 91 రోజుల దాకా ఈ డబ్బు తీసుకోవచ్చు. క్షయలాంటి దీర్ఘవ్యాధులకు ఇంకా ఎక్కువ కాలం, 80 శాతం చొప్పున అందుతుంది. అయితే ఈఎస్ఐ వైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. ఆమెకు అది తెలియక దగ్గర్లోని ప్రైవేటు వైద్యుడి దగ్గరకు వెళ్లి అప్పుచేసి డబ్బు కట్టింది. తన కష్టార్జితం నుంచి కట్టిన చందా తనకే అక్కరకు రాలేదు.

కార్మిక శాఖ అధికారులు తమ కార్యాలయంలో ఫిర్యాదు కోసం ఎదురుచూస్తే లాభం లేదు. తెల్లవారుజామున కంపెనీ బస్సు ఎక్కి చీకటి పడ్డాక దిగే మనిషి పని మానుకుని కాకినాడకో, ఏలూరుకో ఎలా వెళ్తుంది? బస్సులు ఆగే కూడళ్లకు అధికారులే రావాలి. ప్రతి షోరూములో, ప్రతి కర్మాగారం గేటు దగ్గర సెలవుల వివరాలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. జీతం చీటీలో ఎన్ని సెలవులు మిగిలి ఉన్నాయో చూపించాలి. ఇందుకు యజమానులకు అయ్యే ఖర్చు ఏమీ లేదు. మీ జిల్లా పేజీల్లో కూడా నెలకోసారి ఈ నిబంధనలు వేయమని కోరుతున్నాను.

చాలామంది సంక్రాంతికి లెక్క చూసుకుని పని మారుతుంటారు. కర్మాగారంలో పని మానేసేవారికి మిగిలిన సెలవు రోజుల జీతం కూడా చెల్లించాలి. కార్మికుడు చనిపోతే అది వారసులకు రెండు నెలల్లోగా అందాలి. సంతకం పెట్టే ముందు ఆ మొత్తం లెక్కలో ఉందో లేదో అడగండి.

— ఒక విశ్రాంత రైసుమిల్లు గుమస్తా, పాలకొల్లు