సెటిల్‌మెంట్ మెయిల్ వస్తే వెంటనే డిలీట్ చేయకండి

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. "మీకు ఈ క్లాస్ యాక్షన్ కేసులో పరిహారం రావచ్చు" అని మెయిల్ వస్తే స్పామ్ అనుకుని వదిలేయకండి. క్లాస్ యాక్షన్ అంటే ఒకే రకంగా నష్టపోయిన చాలామంది తరఫున కలిపి వేసే దావా. క్లెయిమ్ వేయకపోతే చాలా కేసుల్లో డబ్బూ రాదు, విడిగా దావా వేసే హక్కూ పోతుంది. ఆ హక్కు కావాలంటే గడువులోగా ఆప్ట్ అవుట్ చేయాలి, అంటే ఆ సెటిల్‌మెంట్ నుంచి తప్పుకుంటున్నానని తెలియజేయాలి.

అలాగని లెక్కలేసుకోకండి! ఆపిల్ వాయిస్ అసిస్టెంట్ సిరి అనుమతి లేకుండా మాటలు విన్నదన్న కేసు 9.5 కోట్ల డాలర్లకు సెటిలైనా ఒక్కో పరికరానికి గరిష్ఠంగా 20 డాలర్లే. 2019లో క్రెడిట్ రిపోర్టుల కంపెనీ ఈక్విఫాక్స్ డేటా లీక్ కేసులో 125 డాలర్లు అన్నారు, జనం ఎగబడేసరికి అందులో కొంతే దక్కింది.

నిన్న నాకొచ్చిన మెయిల్‌లో క్లెయిమ్ ఐడీ, పిన్ ఉన్నాయి. అయినా లింక్ నొక్కలేదు. కోర్టు పేరు, కేసు నంబర్ పట్టుకుని వెతికి అసలు సైట్‌లోనే వేశాను. క్లెయిమ్‌కి ఫీజు కట్టమంటే మాత్రం అది మోసమే.