ప్లాస్టిక్ క్యాబ్‌కి పొడవాటి యాంటెన్నా మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ట్రక్కులు నడిపే తెలుగువాళ్ల కోసం మీరు వేసిన సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియో వ్యాసంలో ఒక సలహా సరిచేయవలసి ఉంది. కొత్త సెమీ ట్రక్కులో ఛానెల్ 19 (ట్రక్కు డ్రైవర్లు మాట్లాడుకునే ఛానెల్) మీద మాట సరిగా అందకపోతే ఇంకాస్త పొడవున్న యాంటెన్నా కొనుక్కోమన్నారు. అలా చేస్తే ఖర్చయితే అవుతుంది గాని, రేడియో చాలాసార్లు ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఛానెల్ 19 పౌనఃపున్యం 27.185 మెగాహెర్ట్జ్. అంటే తరంగం పొడవు సుమారు 36 అడుగులు, అందులో పావు 9 అడుగులు. చాలా రాష్ట్రాల్లో బండి ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు కాబట్టి 9 అడుగుల కడ్డీ క్యాబ్ మీద నిలబెట్టడం కుదరదు. అందుకే నాలుగైదు అడుగుల కడ్డీకి తీగచుట్ట వేసి, పొడవు తగ్గిన లోటు పూరిస్తారు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. మరిచిపోయేది ఏమిటంటే, ఆ కడ్డీ యాంటెన్నాలో సగమే. మిగతా సగం దాని కిందున్న లోహం. పాత ట్రక్కుల్లో క్యాబ్ మొత్తం అల్యూమినియమో ఉక్కో కావడంతో ఆ సగం అడక్కుండానే దొరికేది. ఇప్పటి బండ్లలో హుడ్, పైకప్పు ఫెయిరింగ్ (గాలిని పక్కకు తప్పించే తొడుగు), అద్దాల తొడుగులు, కొన్నింట్లో స్లీపర్ (డ్రైవర్ పడుకునే గది) పలకలు కూడా ఫైబర్‌గ్లాస్ లేదా ప్లాస్టిక్. యాంటెన్నా బిగించే అద్దం చెయ్యి లోహమే అయినా దాన్ని బిగించిన చోట రంగు, రబ్బరు, ప్లాస్టిక్ అడ్డుపడతాయి. దాన్ని దాటితే తలుపు బందులు, వాటిలో గ్రీజు. అదీ దాటితే రబ్బరు బుష్‌ల మీదా గాలి సంచుల మీదా ఊగే క్యాబ్. ఇన్ని అడ్డంకులు దాటి చాసిస్ (బండి అడుగు చట్రం) దాకా మంచి గ్రౌండ్, అంటే ఆ లోహంతో గట్టి విద్యుత్ కలయిక, దానంతటదే వస్తుందనుకోవడం అత్యాశ.

కాబట్టి మొదట మల్టీమీటర్ తీయాలి. రేడియో వెనక కోయాక్స్ (యాంటెన్నా నుంచి వచ్చే) కేబుల్ ఊడదీసి, ఒక కొన యాంటెన్నా బ్రాకెట్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాలి. ఒక ఓమ్ లోపు చూపాలి. తలుపు తెరిచి మూసినా, అద్దం కదిపినా అంకె మారకూడదు. తర్వాత కడ్డీ విప్పేసి, కేబుల్ నడిమి పిన్నుకీ బయటి లోహానికీ మధ్య చూడాలి. అక్కడ ఏ కలయికా ఉండకూడదు. ఉందంటే కడ్డీ బిగించే స్టడ్ కింద నైలాన్ వాషర్ తప్పు వరసలో పడిందనో, పగిలిందనో, లేదా కేబుల్ తలుపు సందులో నలిగిందనో లెక్క. ఈ పరీక్షకు కడ్డీ విప్పడం ముఖ్యం. అడుగున తీగచుట్ట ఉన్న కొన్ని యాంటెన్నాలు వాటి నిర్మాణం వల్లే షార్ట్ చూపిస్తాయి, అది లోపం కాదు.

మీటరు ఒక ఓమ్ లోపు చూపినంత మాత్రాన పని అయిపోయిందనుకోవద్దు. మీటరు కొలిచేది డీసీ నిరోధం. ఆరడుగుల సన్న తీగ డీసీకి అర ఓమ్ కూడా అడ్డు కాదు, అదే తీగ 27 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని వందల ఓమ్‌ల అడ్డు. గ్రౌండ్ తీగ వేశామండీ, అయినా మార్పు లేదు అనేవాళ్ల బండ్లలో తరచూ ఉండేది ఈ పొడవాటి తీగే. వాడవలసింది అంగుళం వెడల్పున్న రాగి జడ పట్టీ, వీలైనంత పొట్టిగా. ఒక పట్టీ అద్దం బ్రాకెట్ నుంచి తలుపు లోపలి లోహపు చట్రానికి, ఒకటి తలుపు నుంచి క్యాబ్ చట్రానికి (తలుపు పూర్తిగా తెరుచుకునేంత వదులుతో), ఒకటి క్యాబ్ నుంచి చాసిస్ రైలుకి. బిగించే ప్రతి చోటా రంగు గీకి లోహం మెరిసేలా చేయాలి, పళ్లున్న స్టార్ వాషర్ పెట్టి బిగించాలి, పైన గ్రీజో రంగో పూయాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ పూత లేని అతుకును త్వరగానే తినేస్తుంది. రాగి పట్టీ సరాసరి అల్యూమినియానికి తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది, అందుకే తగరం పూత ఉన్న పట్టీ మేలు.

క్యాబ్ చట్రంలో ఎక్కడా లోహం అందకపోతే గ్రౌండ్ అక్కర్లేని రకం యాంటెన్నా సెట్లున్నాయి. వాటితో వచ్చిన కేబులే వాడాలి. ఆ కేబుల్ యాంటెన్నాలో భాగం, పొడుగైందని కత్తిరిస్తే మొత్తం సెట్ పాడైనట్టే.

గ్రౌండ్ కుదిరాకే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) చూడాలి. ముందే ట్యూన్ చేస్తే పట్టీలు వేశాక మళ్లీ మారుతుంది. ట్రెయిలర్ తగిలించి, తలుపులు మూసి, పక్కన ఇతర బండ్లూ గోడలూ లేని చోట నిలపాలి. ట్రక్ స్టాప్‌లో రెండు ట్రెయిలర్ల మధ్య తీసిన అంకెను నమ్మలేం. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరును రేడియోకీ కేబుల్‌కీ మధ్య పొట్టి కేబుల్‌తో కలిపి, ఎవరూ మాట్లాడటం లేదని విన్నాక, ఛానెల్ 1, 19, 40 మీద కొలవాలి. మామూలు మీటరైతే ప్రతి ఛానెల్ మీదా కాలిబ్రేట్ చేయాలి (ముల్లును గుర్తు మీదికి సరిచేయాలి). 1 మీద ఎక్కువ, 40 మీద తక్కువ వస్తే కడ్డీ పొట్టి, పెంచాలి. 40 మీద ఎక్కువైతే పొడవు, తగ్గించాలి. కొన మీది మరను ఒక్కో చుట్టు తిప్పాలి. ఉక్కు తీగ కత్తిరించే రకమైతే ఒక్కోసారి అంగుళంలో ఎనిమిదో వంతు మించొద్దు, కత్తిరించింది తిరిగి అతకదు. మూడు ఛానెళ్ల మీదా 3 దాటిందంటే కడ్డీ జోలికి వెళ్లకుండా గ్రౌండ్, కేబుల్ మళ్లీ చూడాలి. ఆ స్థితిలో ఎక్కువసేపు మాట్లాడితే రేడియో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయే ప్రమాదం ఉంది.

అయితే 1.1 రావాలని రోజంతా మరలు తిప్పడం అనవసరం. 3 దగ్గర నాలుగో వంతు శక్తి వెనక్కి వస్తుంది. 2 దగ్గర నూటికి 11, 1.5 దగ్గర నూటికి 4. ఆ దిగువన తేడా అవతలివాడి చెవికి తెలియదు. పైగా తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ అంటే మంచి యాంటెన్నా అని అర్థం కూడా కాదు. యాంటెన్నా బదులు పరీక్షకు వాడే డమ్మీ లోడ్ చక్కగా 1 చూపిస్తుంది, దాని మాట మాత్రం పార్కింగ్ దాటదు.

కేబుల్ 18 అడుగులే ఉండాలన్న నమ్మకం గురించి కూడా మీ వ్యాసంలో ఉంది. ఒక్క యాంటెన్నాకి, 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 కేబుల్‌కి, ఆ నియమం లేదు. కేబుల్ పొడవు మార్చగానే ఎస్‌డబ్ల్యూఆర్ బాగా మారిందంటే గ్రౌండ్ లేక కేబుల్ పైతొడుగే యాంటెన్నాలా పనిచేస్తోందన్నమాట, మళ్లీ పట్టీల దగ్గరికే వెళ్లాలి. రెండద్దాలకీ రెండు యాంటెన్నాలు పెట్టే జంట అమరికలో మాత్రం 18 అడుగులకు కారణం ఉంది. అక్కడ 75 ఓమ్‌ల ఆర్‌జీ-59 కేబుళ్లు రెండు వాడతారు. ఆ కేబుల్లో 18 అడుగులు ముప్పావు తరంగం, అది ఒక్కో యాంటెన్నా 50 ఓమ్‌లను సుమారు 112 చేస్తుంది, రెండూ కలిసిన చోట 56 అవుతుంది. నురుగు ఇన్సులేషన్ ఉన్న టీవీ కేబుల్‌ను అదే కొలతకు కత్తిరిస్తే ఈ లెక్క తప్పుతుంది, అందులో తరంగం వేగం వేరు. రెండు కడ్డీల మధ్య 8, 9 అడుగుల దూరమూ, రెంటికీ ఒకేలాంటి గ్రౌండూ ఉంటేనే జంట వల్ల ఉపయోగం. ప్లాస్టిక్ క్యాబ్ మీద గ్రౌండ్ లేని రెండు కడ్డీల కన్నా గట్టి గ్రౌండ్ ఉన్న ఒకటే నయం. ఏ అమరికైనా కడ్డీ పైభాగం, వీలైతే తీగచుట్ట కూడా, స్లీపర్ కప్పుకన్నా పైకి రావాలి.

కంపెనీ ముందే వేసి ఇచ్చిన కేబుల్‌నీ అనుమానించాలి. కొన్ని బండ్లలో ఏఎం, ఎఫ్‌ఎం, సీబీ మూడింటికీ ఒకే యాంటెన్నా, మధ్యలో విడదీసే పెట్టె ఉంటుంది. కిటికీ గుండా విడిగా ఒక మంచి కేబుల్ లాగి యాంటెన్నాకి కలిపి చూస్తే ఆ పెట్టె సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది.

మాట పోవడం బాగుండి, వినడమే కష్టమైతే అది రొద సమస్య. స్క్వెల్చ్ (మాట లేనప్పుడు రొదను మూసేసే మీట) పూర్తిగా తెరిచి, రేడియో నుంచి యాంటెన్నా కేబుల్ ఊడదీయండి. రొద ఆగితే అది యాంటెన్నా ద్వారా వస్తోంది, ఆగకపోతే కరెంటు తీగ ద్వారా. రెండోదైతే రేడియోకి బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో, తీగలు లాగాలి. మొదటిదైతే ఒక్కొక్కటీ ఆపుతూ పోవాలి: డాష్ కెమెరా, ఫోన్ ఛార్జర్, స్లీపర్‌లోని ఇన్వర్టర్, ఎల్ఈడీ దీపాలు. దొంగ దొరికాక దాని తీగను 31 రకం ఫెరైట్ (రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థం) రింగులోంచి నాలుగైదు చుట్లు తిప్పాలి. ఒక్కసారి దూర్చి వదిలేస్తే పెద్దగా పనిచేయదు, అడ్డు చుట్ల వర్గం చొప్పున పెరుగుతుంది.

రేడియో శక్తి పెంచే యాంప్లిఫయర్ సంగతి మీరు ఎత్తలేదు, మంచిదే. ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఏఎంలో 4 వాట్లే పరిమితి, యాంప్లిఫయర్ చట్టవిరుద్ధం. శక్తి రెట్టింపు చేసినా అవతలి రేడియోలో సిగ్నల్ బలం చూపే మీటరు మీద కదిలేది అర ఎస్ యూనిట్ (ఆ మీటరు మీది అర గీత) మాత్రమే. పొడవైన యాంటెన్నా కొనమన్న ఆ వాక్యం స్థానంలో మూడు రాగి పట్టీల మాట వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
మీ పాఠకులు